సగం ఇంటర్నెట్టు, నిండు బిల్లు

మీ ఇంటికి వచ్చే ఇంటర్నెట్టు సగమే. మిగతా సగాన్ని మీతో ఒక్క మాట చెప్పకుండా కోసేసుకున్నారు. బిల్లులో మాత్రం ఒక్క రూపాయి కోయలేదు.

నమ్మబుద్ధి కావడం లేదా? లేవండి. గోడకు తగిలించిన ఆ తెల్ల డబ్బా దగ్గరికి వెళ్ళండి. దాని అడుగున అంటించిన చీటీలోని నంబరును బ్రౌజర్‌లో కొట్టి సెట్టింగుల పేజీ తెరవండి. 'వ్యాన్' అని రాసి ఉన్నచోట మీ కనెక్షన్‌కు ఇచ్చిన ఐపీ అడ్రసు కనిపిస్తుంది. అది 100.64కీ 100.127కీ మధ్యలో ఉందంటే బయటి ప్రపంచం లెక్కలో మీ ఇల్లు లేనట్టే. ఎన్నో ఇళ్ళను పోగేసి ఒకే అడ్రసు వెనక కుక్కారు. మీరు బయటికి పోవచ్చు, మీ గడప దాకా మాత్రం ఎవరూ రాలేరు. మీ ఇంటి మనిషే పొరుగూరి నుంచి తలుపు తట్టినా మీ ఇంటికి వినపడదు. ఈ ఏర్పాటును సీజీనాట్ అంటారు. 2012లో ఆ నంబర్ల వరసను అచ్చంగా ఈ పనికే కేటాయించారు. అసలు ఆ పేజీయే తెరుచుకోవడం లేదా? పాస్‌వర్డ్ మీ చేతికివ్వలేదా? అయితే మీ స్థితి ఇంకా హీనం. మీ గోడకున్న డబ్బా మీద కూడా మీకు పెత్తనం లేదు.

నేనుండేది నెల్లూరు కోస్తాలో, అల్లూరు, విడవలూరు వైపు, రొయ్యల చెరువుల నడుమ. మా ఇంట్లో ఫ్యాన్ లేని చిన్న కంప్యూటర్ ఒకటి రాత్రింబగళ్ళు నడుస్తుంటుంది. ఫ్యాన్ ఉంటే ఉప్పుగాలిని లోపలికి లాగి పిన్నులన్నీ పచ్చగా చిలుము పట్టిస్తుంది కాబట్టి ఫ్యాన్ లేనిదే కొన్నాను. పిల్లల ఫొటోలు ఇమ్మిచ్‌లో ఉంటాయి. పట్టాదారు పాస్‌బుక్కులు, దస్తావేజుల స్కాన్లు, చెరువు లెక్కలు నెక్స్ట్‌క్లౌడ్‌లో ఉంటాయి. సినిమాలు జెల్లీఫిన్‌లో చూస్తాం. ఇంట్లో ఏ ఫోను ఏ ప్రకటనల కంపెనీని పలకరించబోయినా పై-హోల్ గడపలోనే ఆపేస్తుంది. ఇవన్నీ ఎవరైనా దింపుకొని వాడుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. ఎవరికీ లైసెన్సు డబ్బు కట్టక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ మాత్రం చేసుకున్నందుకు నన్ను పిచ్చోడన్నవాళ్ళున్నారు. అననివ్వండి. తన ఇంటి దస్తావేజు నకలు ఏ దేశంలో, ఎవరి గిడ్డంగిలో పడుందో తెలియనివాడు బుద్ధిమంతుడిగా చెలామణీ అవుతున్నాడే, నా తగాదా దాని మీద.

కావలిలో ఉండి ఇంట్లోని నా కంప్యూటర్‌ను నేను అందుకోవాలంటే బయటికి కనిపించే ఐపీ అడ్రసు ఒకటి కావాలి. మా ప్రొవైడర్‌ను అడిగాను. "అది ఆఫీసోళ్ళకే ఇస్తాం సార్, నెలనెలా అదనంగా కట్టాల" అన్నారు. పోనీ, రూటర్ అడ్మిన్ పాస్‌వర్డన్నా ఇమ్మన్నాను. "పైనోళ్ళు ఒప్పుకోరు సార్." లైను చూడ్డానికి వచ్చిన కుర్రాడైతే నిజంగానే అర్థంకాక అడిగాడు: "బొమ్మలు బాగానే వస్తుండాయి గదన్నా, ఇంకేం గావాల నీకు?"

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. వానలో, ఎండలో స్తంభాలెక్కి తీగ లాగి పొట్టపోసుకునే మనిషి. నా కోపమంతా ఆ ప్రశ్నను అతని నోట్లో పెట్టినవాళ్ళ మీద. బొమ్మలు వస్తున్నాయి కదా! అంతే, మన బతుకుల మీద వాళ్ళ అంచనా అక్కడితో సరి. చూడు, వేలితో తోసెయ్, కొను, మళ్ళీ చూడు. నువ్వు చూపించేది ఏదైనా ఉంటే మా అంగడికి తెచ్చి మా షరతుల మీద పెట్టు. ఒక జాతిని మొత్తం ప్రేక్షకుల బెంచీకి కట్టేసి, దాన్ని డిజిటల్ విప్లవమని చాటుతున్నారు.

రూటర్ సంగతి ఇంకా దారుణం. టీఆర్-069 అనే పద్ధతి 2004 నుంచి ఉంది. కంపెనీవాళ్ళు తమ ఆఫీసులో కూర్చుని మీ ఇంట్లోని డబ్బా సెట్టింగులను చదవొచ్చు, మార్చొచ్చు, దాని సాఫ్ట్‌వేర్‌ను మార్చేయొచ్చు. మరమ్మతుకు అది పనికొస్తుంది, కాదనను. ఆ అధికారం వాళ్ళకుండి నాకు లేకపోవడం ఏ న్యాయం? నా ఇంట్లో, నా కరెంటుతో, నా గోడ మీద నడిచే యంత్రంలోకి ఎక్కడో కూర్చున్నవాడు వెళ్ళగలడు, నేను వెళ్ళలేను. దీన్ని భద్రత అని చెప్పే మొహాలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

2016 ఫిబ్రవరి 8 గుర్తుందా? ఫేస్‌బుక్ వాడు ఫ్రీ బేసిక్స్ పేరుతో పేదలకు కొన్ని సైట్లే ఉచితంగా చూపిస్తానని బయల్దేరితే, దేశమంతా లేచి లక్షల ఈమెయిళ్ళు పంపి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేత ఆపించిన రోజు. అది నిజమైన విజయం. ఆ పోరాటంలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ నేను చేతులెత్తి మొక్కుతాను. మొక్కి, నిలదీస్తాను. అన్ని సైట్లనూ ఒకేలా చూసే హక్కు కోసం గొంతు చించుకున్న పెద్దమనుషులారా, మనమే మన ఇంట్లో ఒక సైటు పెట్టుకునే హక్కు గుట్టుగా మాయమవుతుంటే ఎక్కడున్నారు? మీ ఆఫీసుకు స్టాటిక్ ఐపీ ఉందని ఊరుకున్నారా? అల్లూరు రైతుకు అది దేనికిలే అనుకున్నారా?

కంపెనీవాళ్ళు వెంటనే చెప్పే సాకు నాకు కంఠతా వచ్చు. పాతరకం ఐపీవీ4 అడ్రసులు మొత్తం కలిపి సుమారు 430 కోట్లే, అయిపోయాయి, ఏం చేస్తాం అంటారు. నిజమే, మన ఆసియా పసిఫిక్ ప్రాంతపు నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. అర్ధసత్యం చెప్పేవాడు అక్కడే ఆగిపోతాడు. నేను మిగతా సగం చెబుతాను. దీనికి మందుగా ఐపీవీ6ను 1990లలోనే తయారుచేశారు. భూమ్మీద ప్రతి ఇంటికీ, ఇంట్లో ప్రతి బల్బుకీ ఇచ్చినా తరగనన్ని అడ్రసులు అందులో ఉన్నాయి. పైగా దాని వాడకంలో మన దేశం ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది. గూగుల్ లెక్కల్లోనే 70 శాతం దాటింది. అడ్రసులున్నాయి. పరికరాలున్నాయి. అయినా మీ డబ్బాలో బయటినుంచి వచ్చే దారికి అడ్డంగా ఒక గోడ కట్టి, ఆ గోడలో మీకు కావలసిన తలుపు మీరు పెట్టుకునే పేజీకి తాళం వేశారు. కొరత అడ్రసులకు లేదు. మిమ్మల్ని మనుషులుగా లెక్కగట్టే గుణానికి ఉంది.

ఇప్పుడు మీ వైపు తిరుగుతున్నాను, పాఠకులారా. కంపెనీని తిడుతుంటే తలాడిస్తూ కూర్చున్నారు కదూ? తప్పులో సగం మీది.

"మనకెందుకన్నా ఈ తలకాయనొప్పి, అన్నీ ఉచితంగా ఇస్తుంటే?" అంటారు. ఉచితం! మన చెరువుల వైపు ఈ మాట అనడానికి నోరెలా వస్తుంది? డీలరు మేత అప్పుకిస్తాడు, మందులు అప్పుకిస్తాడు, మొదటి పంటకు దేవుడిలా కనిపిస్తాడు. పట్టుబడి నాటికి రొయ్యలు ఎవరికి తోలాలో, ఏ కౌంటుకు ఎంత రేటో ఆయనే తేలుస్తాడు. మీ ఫొటోల సంగతీ అంతే. 2015లో గూగుల్ ఫొటోస్ హద్దు లేకుండా ఉచితమన్నారు. దేశమంతా పెళ్ళిళ్ళు, బారసాలలు, చచ్చిపోయినవాళ్ళ చివరి ఫొటోలు తెచ్చి అందులో పోసింది. 2021 జూన్ 1న హద్దు గీశారు. 15 జీబీ దాటితే నెలనెలా కట్టు అన్నారు. అప్పటికి మీ జ్ఞాపకాలన్నీ వాళ్ళ దగ్గరున్నాయి. కట్టక ఏం చేస్తారు?

కడితే మాత్రం భద్రమా? శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి, జబ్బుపడిన పసివాడి ఫొటో తీసి నర్సు అడిగినట్టు డాక్టర్ కోసం పంపాడు. గూగుల్ యంత్రం దాన్ని నేరమనుకుంది. ఖాతా మూసేసింది. ఏళ్ళనాటి ఈమెయిళ్ళు, ఫొటోలు, ఫోన్ నంబరు అన్నీ పోయాయి. పోలీసులు విచారించి ఈ మనిషి ఏ తప్పూ చేయలేదని తేల్చారు. అయినా గూగుల్ ఖాతా తిరిగివ్వలేదు. 2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ఇదంతా బయటపెట్టింది. పోలీసు స్టేషన్లో నిర్దోషి, కంపెనీ దగ్గర దోషి! అప్పీలుకు పోవడానికి అక్కడ కోర్టు లేదు, వకీలు లేడు, ఎదురుగా మనిషే లేడు.

అది మామూలు మనిషి సంగతి అంటారా? అయితే పెద్దవాళ్ళ సంగతి వినండి. నయారా ఎనర్జీ. గుజరాత్‌లోని వాడినార్‌లో పెద్ద చమురుశుద్ధి కర్మాగారం నడిపే కంపెనీ. అందులో రష్యా కంపెనీకి వాటా ఉందని 2025 జులై 18న యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టింది. మన దేశం పెట్టలేదు, అమెరికా పెట్టలేదు. అయినా కొద్ది రోజుల్లోనే నయారా ఈమెయిళ్ళను, సేవలను మైక్రోసాఫ్ట్ ఆపేసింది. డబ్బు కట్టి కొనుక్కున్న సేవలు, వాళ్ళ సొంత సమాచారం! ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాకగానీ తిరిగి రాలేదు. కర్మాగారం ఉన్న కంపెనీకే ఆ గతి పడితే, చెరువు లెక్కలన్నీ ఒక్క ఫోన్ ఖాతాలో దాచుకున్న మీరెంత?

ఇక "దాచుకోవడానికి నా దగ్గరేముంది?" అనే బాపతు. ఇంటి చుట్టూ ప్రహరీ కట్టి, ప్రహరీ మీద గాజుపెంకులు గుచ్చి, గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ వేలాడదీసి, వీధిలో కెమెరాలు బిగించి, మంచం కింద బీరువా తాళాలు పెట్టుకు పడుకునే మనిషి ఈ మాట అంటాడు. దాచుకోవడానికి ఏమీ లేకపోతే ఆ పెంకులెందుకు? మీ ఇంట్లో ఆడపిల్లలు లేరా? మీ భూమికి సర్వే నంబరు లేదా? బ్యాంకులో పైసా లేదా?

ఆ కెమెరా పాస్‌వర్డేమిటో చెప్పండి. బిగించినవాడు పెట్టిందే కదూ? 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఏం జరిగిందో చదివారా? ఒక ప్రసూతి ఆసుపత్రి పరీక్షల గదిలో కెమెరాకు చిక్కిన ఆడవాళ్ళ దృశ్యాలు యూట్యూబ్‌కెక్కాయి, టెలిగ్రామ్‌లో అమ్ముడుపోయాయి. అక్కడి కెమెరాల పాస్‌వర్డ్ 'అడ్మిన్123' అని పత్రికలు రాశాయి. గొప్ప మేధావి ఎవడో ఛేదించిన కోట కాదది. తెరిచి వదిలేసిన తలుపు. 2016లో మిరాయ్ అనే పురుగు ఇలాంటి కెమెరాలను, రూటర్లను లక్షలకొద్దీ లొంగదీసుకుంది. దాని చేతిలో ఉన్న ఆయుధమల్లా ఫ్యాక్టరీలో పెట్టి పంపే 60 చిల్లర పాస్‌వర్డ్‌ల జాబితా. దాన్ని రాసింది కాలేజీ వయసు కుర్రాళ్ళు. ఆ అక్టోబర్ 21న దాని దెబ్బకు ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి కుప్పకూలాయి. రొయ్యల దొంగల కోసం చెరువు గట్టున మీరు బిగించిన కెమెరా ఇవాళ ఎవరి పటాలంలో సిపాయిగా ఉందో మీకు తెలుసా?

తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు. మీ మీద నా కోపానికి కారణం మీ అజ్ఞానం కానేకాదు, ఈ నిర్లక్ష్యం.

"ప్రభుత్వం చూసుకుంటుందిలే" అనేవాళ్ళకు ఒక్క జ్ఞాపకం. 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో 1.3 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతం అన్నీ ఎవరైనా చూసేలా పడున్నాయి. హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి వేలెత్తి చూపాకే మూశారు. ఇల్లు కట్టిస్తామని పేదవాడి దగ్గర తీసుకున్న వివరాలవి. ఆ పేదవాడికి క్షమాపణ చెప్పారా?

అదే రాష్ట్రం 2025 అక్టోబర్‌లో పండగ చేసుకుంది. విశాఖకు గూగుల్ వస్తోంది, అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడుతుంది అని. రానివ్వండి, నాలుగు ఉద్యోగాలు వస్తే సంతోషమే. కానీ వేదికల మీద "మన డేటా మన గడ్డ మీదే" అని చేతులూపే నాయకుల్ని అడుగుతున్నాను: గడ్డ మనదైతే సరిపోతుందా? 2018 మార్చిలో అమెరికా చేసిన క్లౌడ్ చట్టం ప్రకారం, తమ దేశపు కంపెనీ దగ్గరున్న సమాచారం ప్రపంచంలో ఏ మూల ఉన్నా అక్కడి ప్రభుత్వం చట్టప్రకారం రాబట్టుకోవచ్చు. నీళ్ళు మనవి, కరెంటు మనది, భూమి మనది, అజమాయిషీ వాళ్ళది. దీన్ని స్వావలంబన అని పిలిచేవాడికి సిగ్గుండాలి.

మన రాష్ట్ర ప్రభుత్వపు సొంత ఫైబర్‌నెట్ ఏమైంది మరి? 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభించారు. 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్టు అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా పల్లెలకు తీగ లాగారు. ఆ ఆలోచన గొప్పది, ఇప్పటికీ అంటాను. ప్రజల డబ్బుతో వేసిన తీగ ప్రజలకు పూర్తి ఇంటర్నెట్టు ఇవ్వాలి. ప్రతి ఇంటికీ మారని ఐపీవీ6 అడ్రసుల వరస, లోపలికి వచ్చే దారి మీద ఇంటివాళ్ళకే అధికారం, రూటర్ పాస్‌వర్డ్ ఇంటివాళ్ళ చేతికి. ఇది ప్రజల హక్కు అని రాతపూర్వకంగా హామీ ఇవ్వమనండి. ప్రైవేటువాడికి దారి చూపాల్సింది ముందు ప్రభుత్వమే కదా?

నా సాటి ఔత్సాహికులను వదులుతాననుకున్నారా? మీకే ఎక్కువ తగలాలి. సొంత సర్వర్ పెట్టామని మీసాలు తిప్పే మొనగాళ్ళలో ఎంతమంది అప్‌డేట్లు చేస్తున్నారు? 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్టుకు తెరిచిపెట్టిన క్యూన్యాప్ కంపెనీ స్టోరేజీ పెట్టెలను వేలకొద్దీ పట్టి ఫైళ్ళకు తాళం వేసింది. 0.03 బిట్‌కాయిన్ కడితేనే తాళంచెవి అంది. ఇంట్లో పెట్టుకున్నంత మాత్రాన ఏదీ మీదైపోదు. కాపలా కాస్తేనే మీది. పోర్టులన్నీ బార్లా తెరిచి స్వేచ్ఛ అంటే ఎవరు నమ్ముతారు? బయటినుంచి ఇంటికి గుప్తదారి వేసే వైర్‌గార్డ్ 2020 నుంచి లినక్స్ కెర్నల్‌లోనే ఉంది. ఒక్క దారి తెరవండి, దానికీ గట్టి కాపలా పెట్టండి. ఇంకొందరు సీజీనాట్‌ను దాటడానికి తమ ఇంటి రాకపోకలన్నీ ఒకే అమెరికా కంపెనీ సొరంగంలోంచి తిప్పుతారు. 2025 నవంబర్ 18న ఆ కంపెనీ, క్లౌడ్‌ఫ్లేర్, పడిపోయింది. ఆరోజు మీ స్వతంత్ర సర్వర్ ఎక్కడుంది? గత్యంతరం లేక ఆ సొరంగం వాడుతున్నారా, వాడండి. అది స్వేచ్ఛ అని మాత్రం కుర్రాళ్ళకు నూరిపోయకండి.

ఇంకో మాట. ఇంటిల్లిపాదీ ఫొటోలను మీ సర్వర్‌లో పెట్టి, దాని పాస్‌వర్డ్ భార్యకు కూడా చెప్పని మగమహారాజులున్నారు. రేపు మీకేమైనా అయితే ఆవిడ ఎవర్ని అడగాలి? కంపెనీ పెత్తనం మీద తిరగబడి ఇంట్లో మీ పెత్తనం పెట్టినవాళ్ళు విప్లవకారులెలా అవుతారు? పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి ఆవిడ చేతికివ్వండి. ఎలా ఆన్ చేయాలో, డిస్కు ఎక్కడుందో, ఎవరికి ఫోన్ చేయాలో తెలుగులో రాయండి.

మనది తుఫాన్ల తీరం. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. అలాంటి రోజున టవర్లు పలకవు, ఫైబరు తెగుతుంది, క్లౌడులో ఉన్న మీ పాస్‌బుక్కు ఆకాశంలోనే ఉంటుంది. ఇంట్లో ఉన్నది మాత్రం ఇన్వర్టర్ మీద, ఇంటి వైఫైలో, బయటి ప్రపంచంతో పని లేకుండా తెరుచుకుంటుంది. తుఫానే అక్కర్లేదు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్టు ఆపేశారు. అల్లరి చేసినవాడూ చేయనివాడూ ఒకేలా చీకట్లో కూర్చున్నారు. తీగ మీద అధికారం ఉన్నవాడు ఎప్పుడైనా కోస్తాడు. కోసినా ఇంట్లో మిగిలేది ఏమిటన్నదే లెక్క.

"ఇంట్లోకి వరదొస్తే నీ కంప్యూటరూ మునుగుతుంది గదా?" మునుగుతుంది. అందుకే మూడు కాపీలుండాలి, రెండు రకాల పరికరాల్లో ఉండాలి, ఒకటి ఊరికి దూరంగా ఉండాలి. తీరంలో ఉన్నవాళ్ళు ఎన్‌క్రిప్ట్ చేసిన ఒక డిస్కును మెట్ట ప్రాంతంలో ఉన్న చుట్టాలింట్లో పెట్టండి. ఆత్మకూరులో మీకు అక్కచెల్లెళ్ళు లేరా? పొదలకూరులో మేనమామ లేడా? వేల మైళ్ళ అవతలి కంపెనీని నమ్మగలిగిన మీరు రక్తసంబంధాన్ని నమ్మలేరా?

ఇక చివరి సాకు. అన్నిటికన్నా నాకు అసహ్యమైనది. "మేం చదువుకోనోళ్ళం, ఇయన్నీ మాకెట్టా తెలుస్తాయి?" ఈ మాట బీటెక్ చదివినవాళ్ళ నోటే ఎక్కువ విన్నాను. సిగ్గులేదా? 1991లో మన నెల్లూరు జిల్లాలోనే అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలి చేసొచ్చిన ఆడవాళ్ళు రాత్రి బళ్ళలో దీపాల వెలుగులో పలక పట్టారు. పాఠంలో తమ బతుకే కనిపించింది. తమ సంసారాలను సారా ఎలా తాగేస్తోందో చదువుకున్నారు. చదువుకుని ఊరుకున్నారా? దూబగుంట ఊళ్ళో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు ఊరూరికీ పాకింది. 1992లో సారా వేలంపాటలను సాగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రం మొత్తంలో సారాను నిషేధించక తప్పలేదు. లాభాలు గుంజే కంట్రాక్టర్లు, ఆ ఆదాయం మీద బతికే ప్రభుత్వం, కర్రలు పట్టిన గూండాలు అందరూ అటువైపే ఉన్నారు. ఇటువైపు ఉన్నది అప్పుడే అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళు. ఆ జిల్లాలో పుట్టి, చేతిలో కంప్యూటర్ పెట్టుకుని, రూటర్ పాస్‌వర్డ్ మార్చడం నావల్ల కాదంటారా?

మీవల్ల అవుతుంది. తెలుగువాళ్ళవల్ల ఇప్పటికే అయింది. క్లౌడ్ కంపెనీల గుప్పిట్లోంచి మన బతుకులు మన ఇంటికి రావాలని 2010లో న్యూయార్క్‌లో ఎబెన్ మోగ్లెన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు పిలుపిచ్చాడు. దాంట్లోంచి ఫ్రీడమ్‌బాక్స్ పుట్టింది. ఇంట్లో ఎవరైనా నడుపుకోగల సర్వర్ వ్యవస్థ అది. దాన్ని నిర్మించడంలో ముందున్నవాళ్ళలో హైదరాబాద్‌లోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ 'స్వేచ్ఛ'కు చెందిన సునీల్ మోహన్ ఆడప ఒకరు. దాని తెరను తెలుగులోనూ చూడొచ్చు. వరంగల్ వైపు గంగదేవిపల్లిలో ఊరి వైఫైకి వాడి చూపించారు. మన భాషలో, మనవాళ్ళ చెమటతో తయారైన పనిముట్టు గుమ్మంలోకి వస్తే, మీరు ముక్కూ మొహం తెలియని కంపెనీ షరతులకు చదవకుండా 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కుతున్నారు.

ఈ ఆదివారం ఏం చేస్తారో చెప్పండి. నేను చెప్పనా? రూటర్, కెమెరా పాస్‌వర్డ్‌లు మార్చండి. రూటర్‌లో పిన్నుతో వైఫై కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేయండి. దాని 8 అంకెల పిన్నును గరిష్ఠంగా 11,000 ప్రయత్నాల్లో తేల్చేయొచ్చని 2011లోనే బయటపడింది. యూపీఎన్‌పీ ఆపేయండి, ఇంట్లోని ప్రతి చిల్లర పరికరం మిమ్మల్నడక్కుండా గోడకు కన్నం వేసుకునేది దాంతోనే. మీ ఫొటోలన్నిటినీ కంపెనీ దగ్గర్నుంచి దింపుకోండి. అటక మీద పడేసిన పాత ల్యాప్‌టాప్ దులిపి డెబియన్ లినక్స్ ఎక్కించండి. రెండు డిస్కులు కొనండి, ఒకటి మెట్టకు పంపండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి; వాళ్ళు మీకన్నా ముందే నేర్చుకుంటారు.

సోమవారం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. మూడే ప్రశ్నలు. నా కనెక్షన్ సీజీనాట్ వెనక ఉందా లేదా? నా రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ నాకెందుకివ్వరు? నా ఐపీవీ6కు లోపలికి దారి ఎందుకు మూశారు? జవాబు రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే ట్రాయ్‌కు రాయండి, నెల్లూరు వినియోగదారుల కమిషన్ మెట్లెక్కండి. మీ ఎమ్మెల్యే ఊళ్ళోకొచ్చినప్పుడు దండ వేసే ముందు ఇదే అడగండి. సగం సరుకు తూచి పూర్తి డబ్బు పుచ్చుకునే కిరాణా కొట్టువాడిని మీరు ఒక్క నెల కూడా భరించరు. వీళ్ళను ఏళ్ళ తరబడి భరించారు. ఇంక చాలు. నిండు బిల్లు కట్టేవాడికి నిండు ఇంటర్నెట్టు ఇవ్వాలి. ఇవ్వనివాడి డబ్బా వాడి ముందే గోడ మీంచి ఊడదీసి చేతిలో పెట్టండి.